చుక్కమేక వేసిన అడుగు

గుట్ట కింద ముళ్ళకంచె వేసి మంద పెట్టారు. అందులో గొర్రెలు, సామాను మోసే ముసలి గాడిద, ముందుకాలు విరిగిన చుక్కమేక.

రాయి దొర్లి చుక్క కాలు విరిగినప్పుడు కాపరి కోడిగుడ్డు సొన రాసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. నెలన్నరకు విప్పి, తడిమి చూసి, "ఎముక అతుక్కుంది. ఇక నడువే తల్లీ" అన్నాడు.

చుక్క కాలు ఆనించింది. చురుక్కుమంది. అంతే, కూలబడింది.

"అయ్యయ్యో కోడలా, కదలకే!" అంది కంచె అవతల నుంచి నక్క. "చురుక్కుమందంటే లోపల మళ్ళీ విరుగుతున్నట్టే. బతికుంటే బలుసాకు తినొచ్చు, పడుకో."

గొర్రెలకు ఆ మాటే వేదమైపోయింది. మంచివే పాపం. తుమ్మకాయలు తెచ్చి చుక్క నోటికి అందించేవి. "మేమున్నాంగా, నువ్వు లేవకమ్మా" అనేవి.

అమావాస్య వెళ్ళగానే మంద ఏరు దాటాలి. గాడిద మీద వంటసామాను, కొత్తగా పుట్టిన పిల్లలు. ఇంక చోటు లేదు. నడవలేని జీవం ఇక్కడే ఉండిపోవాల్సిందే.

గాడిదకు ఒళ్ళు మండింది.

"సిగ్గులేదుటే మీకు? మేత నోటికే వస్తుంటే దాని కాలికింకేం పని? ముప్పొద్దులా నక్క వచ్చి మేక బాగోగులు అడుగుతుంటే, ఎందుకో ఒక్కదానికైనా తోచలేదూ?"

"నక్క మామ జాలిపడి..." అని నసిగింది ఒక గొర్రె.

"జాలా! ఎలుక మీద పిల్లికుండే జాలి!"

గాడిద చుక్క దగ్గరికెళ్ళింది. "నొప్పి లేదనను. ఊళ్ళో కుక్క దొంగొస్తే మొరుగుతుంది. దొంగ పోయాక ఆకు కదిలినా మొరుగుతుంది. మొరిగిన ప్రతిసారీ దొంగ ఉన్నట్టేనా?"

"కాదత్తా."

"నీ కాలూ అంతే. తడిమి చూసినవాడు చెప్పాడు, అతికిందని. కంచె అవతలి నక్కకేం తెలుసు?"

ఆ రోజు తుమ్మకాయలు జానెడు దూరాన పెట్టించింది. మర్నాడు మూరెడు. తర్వాత నాలుగడుగులు. చుక్క ఏడ్చింది, తిట్టింది. "నీకు దయ లేదు గాడిదత్తా!"

"లేదే. నీకు నాలుగు కాళ్ళున్నాయి, పద. నక్క వచ్చే వేళకు మాత్రం పాత చోటే పడుకో."

ప్రయాణం రోజు వచ్చింది. కంచె తీసిన దారిన మంద కదిలింది. గాడిద చెప్పినట్టే చుక్క ఒక్కతే ముళ్ళ పక్కన పాత చోట పడుకుని ఉంది. నక్క నాలుక చప్పరించుకుంటూ లోపలికొచ్చింది.

"కదలకు కోడలా, కదలకు. నేనున్నాగా!" అంటూ దూకింది.

చుక్క చటుక్కున లేచి పక్కకు గెంతింది. కాలు చురుక్కుమంది, విరగలేదు. నక్క వెళ్ళి ముళ్ళలో పడి కుయ్యోమంది.

"నీలా చెప్పడం నాకు చేతకాదు మామా" అంది చుక్క. "ముళ్ళు పీక్కుని, మెల్లగా లేచి నడువు. నొప్పెడుతుంది, అయినా నడువు."

కుంటుకుంటూనే ఏటి ఒడ్డున మందను అందుకుంది. గాడిద వెనక్కి తిరక్కుండానే, "ఆలస్యం చేశావే" అంది.

అతికిన కాలిని కట్టిపడేసేది నొప్పి కాదు, పక్కన చేరి "కదలకు" అనే నోరు.