గుంత మీద పూలు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. అక్కడ నోళ్లకు కరువు లేదు. పని చేసే కాళ్లకే కరువు.

వాగుకు వెళ్లే దారిలో వేటగాళ్లు ఎప్పుడో తవ్వి వదిలేసిన గుంత ఒకటి ఉంది. ఒకరోజు పొన్నమ్మ అనే జింక పెద్దకూతురు అందులో పడి చచ్చిపోయింది. పొన్నమ్మ భోరుమంది.

నెమలి నీలకంఠం సభ పెట్టాడు. "మన బాధ అడవంతా తెలియాలి! అందరూ చెవిలో మోదుగుపువ్వు పెట్టుకోండి!" అన్నాడు.

అందరూ పెట్టుకున్నారు. పొన్నమ్మా పెట్టుకుంది. తర్వాత ఊరేగింపు తీశారు. ఆ తర్వాత గుంత మీద తీగలు అల్లి, వాటి మీద రోజూ పూలు పోశారు. చూడముచ్చటగా ఉంది. గుంత మాత్రం కనబడటం మానేసింది.

"అన్నా, మీ అభిమానానికి దండం. ఆ గుంతేదో పూడ్చేద్దాం. నా చిన్నది కూడా ఆ దారినే నీళ్లకెళ్లాలి" అంది పొన్నమ్మ.

"తొందరపడకమ్మా! అవతలి కొండవాళ్లకు ఇంకా తెలియలేదు" అన్నాడు నీలకంఠం. అందరూ తలూపారు.

మర్నాడు పొన్నమ్మ చిన్నకూతురు బుల్లి పూలు చూసి పరుగెత్తింది. తీగలు తెగి లోపల పడింది.

"అమ్మా! కాలు నొప్పి! తియ్యమ్మా!"

కేక విని పొన్నమ్మా, చుట్టుపక్కలవాళ్లూ పరుగెత్తుకొచ్చారు. నీలకంఠం గొంతు సవరించుకున్నాడు. "అయ్యో! మళ్లీ సభ..."

"సభ తర్వాత పెట్టుకో అన్నా! ముందు మట్టి తవ్వు!" అని పొన్నమ్మ గట్టును డెక్కలతో తవ్వడం మొదలుపెట్టింది.

ఊరేగింపులో ముందు నడిచిన పంది వరాలు సిగ్గుపడి మూతి నేలకు ఆనించి తవ్వసాగింది. కుందేళ్లు మట్టి లాగాయి. నీలకంఠం చెట్టెక్కి అరిచాడు. "రండర్రా! తవ్వడానికి రండి!" ఆ గొంతు పనికొచ్చింది సుమా! అడవి అడవంతా కదిలొచ్చింది.

గట్టు వాలుగా దిగింది. బుల్లి కుంటుకుంటూ పైకొచ్చింది. పొన్నమ్మ బిడ్డను నాకింది, మళ్లీ పనిలో పడింది. పొద్దుగూకేలోగా గుంత పూడిపోయింది. ఒళ్లంతా మట్టి, డెక్కల నిండా నెత్తురు. ఆ జింకను తలచుకుంటే నాకిప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

కాలు నయమయ్యాక బుల్లి ఆ దారిన నీళ్లకు బయల్దేరి, నడుమ ఆగింది. "అమ్మా, గుంత ఇక్కడే కదూ?"

"ఇక్కడే ఉండేది తల్లీ. మేం పూడ్చేశాం" అంది పొన్నమ్మ, తలెత్తుకుని.

నీతి: కష్టాన్ని నలుగురికీ చెప్పడం మంచిదే. చెప్పి ఊరుకుంటే మాత్రం ఆ కష్టం అలాగే ఉంటుంది.