తుమ్మలదిబ్బలో అరటి గోడ

కొండ కింద తుమ్మలదిబ్బ అని జంతువుల ఊరొకటి ఉంది. ఊరి పెద్ద కొండలరాయుడు అనే నక్క. నక్క పెత్తనం చేసే ఊళ్లో మేకలూ కోళ్లూ ఎలా బతుకుతున్నాయని మీకు అనుమానం రావచ్చు. పదవిలో ఉన్నంతకాలం కొండలరాయుడు పగటిపూట శాకాహారి. మిగతా సంగతి ఆయన పెరట్లో పడున్న ఎముకలనే అడగాలి.

ఆ మాటకొస్తే ఊరంతా చెత్తే. తుమ్మలదిబ్బ వాళ్లకు ఒక గొప్ప అలవాటుంది. ఎవరి వాకిలి వాళ్లు అద్దంలా ఊడ్చుకుంటారు, ఊడ్చిందంతా పక్కవాళ్ల హద్దులోకి తోసేస్తారు. పక్కవాళ్లు దాన్ని ఆ పక్కకు తోస్తారు. అలా తాటిటెంకలూ, ఈకలూ, పేడా, కుళ్లిన పనసతొనలూ ఊరంతా ఊరేగి, చివరికి మొదలుపెట్టినవాళ్ల గుమ్మం ముందుకే వచ్చి ఆగుతాయి. "ఎవరు పడేశారిది?" అని అందరికంటే గట్టిగా అరిచేదీ వాళ్లే.

ఎలా ఉన్నా వాళ్ల ఇష్టమని వదిలేయడానికి లేదు. ఎండలు ముదిరితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఉన్నది ఊటమడుగు ఒక్కటే. దాని కాపలా ఏనుగులది. ఏనుగుల పెద్ద మాణిక్యమ్మ ఏటా వేసవికి ముందు ఊళ్లన్నీ తిరిగి చూసి, శుభ్రంగా ఉన్న ఊరికి మడుగులో మొదటి వంతు ఇస్తుంది. ఊరినే పాడుచేసుకునేవాళ్లు నీళ్లను పాడుచేయకుండా ఉంటారా అని ఆవిడ అభిప్రాయం. చివరి వంతు వాళ్లకు మిగిలేది బురద. పోయిన వేసవిలో ఆ బురదే తాగి, గేదె సూరమ్మ దూడ చావు తప్పి బయటపడింది.

అందుకే ఈసారి మాణిక్యమ్మ వస్తోందన్న కబురు రాగానే కొండలరాయుడు ఊరందరినీ పిలిచి, గట్టు మీదకెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు మొదటి వంతు మనది. మనది కాకపోతే నా పేరు కొండలరాయుడు కాదు!"

"రాయుడుగారు అన్నారంటే అయిపోయినట్టే!" అని కోడిపుంజు బుల్లెబ్బాయి రెక్కలు టపటప కొట్టాడు. నక్కకు భజన చేసే కోడిని ఎక్కడైనా చూశారా? తుమ్మలదిబ్బలో చూడొచ్చు.

సూరమ్మ నెమరు ఆపి అడిగింది. "అనడం బాగానే ఉంది రాయుడూ. మరి ఈ చెత్తంతా ఏం చేద్దాం?"

"నువ్వే చెప్పు వదినా."

"ఊరి చివర పెద్ద గొయ్యి తవ్వుదాం. తలా ఒక చెయ్యి వేస్తే ఎంతసేపు? చెత్తంతా అందులో వేసి మట్టి కప్పితే వానాకాలానికి ఎరువవుతుంది. మన గడ్డికే పనికొస్తుంది."

కొండలరాయుడు జాలిగా నవ్వాడు. తెలివితక్కువ వాళ్లను చూస్తే ఆయనకు ఎప్పుడూ జాలే. "గొయ్యి తవ్వితే ఎవరికి కనిపిస్తుంది వదినా? వచ్చినావిడ మన ఊరు చూస్తుందా, గోతిలోకి తొంగిచూస్తుందా? కంటికి ఇంపుగా ఉండాలి. వాగు అవతల అరటితోట ఉంది కదా. చెత్తంతా దారికి రెండువైపులా గట్టులా పోద్దాం. దాని ముందు అరటిచెట్లు తెచ్చి నిలబెడదాం. పైన మామిడాకుల తోరణాలు. ఇక చెత్తెక్కడ? ఊరెక్కడ? అంతా పెళ్లిపందిరే!"

"మరి వాసన?" అంది సూరమ్మ.

"మొగలిరేకులు గుచ్చుదాం."

"ఏనుగుల ముందు అరటిచెట్లా?" అని మేకలగుంపులోంచి ఎవరో గొణిగారు.

కొండలరాయుడు ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు తోక ఊపాడు. "అది నాకు తెలీదనుకున్నారా? చూడ్డానికి వెళ్లిన ఊళ్లో మాణిక్యమ్మ గడ్డిపోచ కూడా ముట్టదు. ఆవిడ నియమం అది. లోకమంతా తెలిసిన సంగతి."

ఇంకేముంది, ఊరంతా ఉత్సాహంగా పనిలోకి దిగింది. గొయ్యి తవ్వమంటే నడుంనొప్పి ఉన్నవాళ్లు కూడా వాగు దాటి అరటిచెట్లు ఈడ్చుకొచ్చారు. కొమ్ములు విరిగేలా మోశారు, డెక్కలు అరిగేలా తిరిగారు. అందులో సగం పనికే నాలుగు గోతులు తయారయ్యేవి. కానీ గొయ్యి తవ్వినవాడిని ఎవరు మెచ్చుకుంటారు? చివరికి దారికి రెండువైపులా చెత్త గట్లు, వాటి ముందు పచ్చటి అరటి గోడ లేచాయి. చెత్త ముందుకు జారకుండా పట్టి ఉంచినవి కూడా ఆ చెట్లే. సూరమ్మ దూడను పక్కన నిలబెట్టుకుని చూసింది. నీళ్లొస్తాయంటే ఏమనగలదు?

చెప్పిన రోజున మాణిక్యమ్మ వచ్చింది. తొందరపడని నడక, అన్నీ చూసే చిన్న కళ్లు. దారి మొదట్లోనే ఆగి, తొండం కాస్త పైకెత్తి, మళ్లీ దించింది.

"మొగలిపూల వాసన బాగా గుప్పుమంటోంది," అంది.

"మా ఊళ్లో గాలే అంత అమ్మగారూ!" అన్నాడు కొండలరాయుడు.

ఆవిడ దారి వెంట నడిచింది. రాలిన ఆకు లేదు, ఎగిరే ఈక లేదు. ఈగలు మాత్రం పెళ్లికొచ్చినట్టు వచ్చాయి. కొండలరాయుడు వాటిని తోకతో తోలుకుంటూ, నవ్వుతూ, వెనక్కి నడుస్తూ దారి చూపించాడు.

"బాగా కష్టపడ్డారు," అంది మాణిక్యమ్మ. "ఇంత పచ్చగా ఏ ఊరూ కనిపించలేదు. ఇక వెళ్లొస్తాను."

గెలిచామని కొండలరాయుడి గుండె ఎగిరి గంతేసింది. అక్కడితో ఊరుకుంటే ఆయన కథ వేరేగా ఉండేది. కానీ ఊరందరూ చూస్తున్నారు. ఇంత పెద్దావిడను బతిమాలుతూ కనిపించే అవకాశం మళ్లీ వస్తుందా? పైగా ఆవిడ ఏమీ తినదు. కాదంటారని తెలిసినప్పుడు మర్యాద ఎంతైనా చేయొచ్చు, ఖర్చుండదు.

"అయ్యయ్యో, మా ఊరొచ్చి ఏమీ తినకుండా వెళ్తారా అమ్మగారూ?"

"చూడ్డానికి వెళ్లిన చోట తినను రాయుడూ."

"అలా అంటే ఎలా? నలుగురూ మమ్మల్ని ఏమనుకుంటారు? ఒక్క ముద్ద!"

"వద్దయ్యా. నియమం ఉంది."

"నియమాలు పరాయివాళ్లకమ్మగారూ! మేం పరాయివాళ్లమా?" కొండలరాయుడు దారికి అడ్డంగా పడుకున్నాడు. "తమరు ఎంగిలిపడకుండా ఈ ఊరు దాటితే నా ప్రాణం మీద ఒట్టే! ఇక్కడున్నదంతా తమరిదే. దేనిమీద తమ తొండం పడితే అది తినాల్సిందే!"

మాణిక్యమ్మ ఆయన వంక కాసేపు చూసింది.

"సూరమ్మా," అంది గేదె వైపు తిరిగి, "మీ పెద్ద ప్రాణం మీద ఒట్టు పెట్టాడు. ఇంత బతిమాలినా కాదంటే మీ ఊరిని చిన్నబుచ్చినట్టు కాదూ?"

సూరమ్మ కొండలరాయుడిని చూసింది. దూడను చూసింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. "అవునమ్మగారూ," అంది.

మాణిక్యమ్మ తొండం చాచి, దగ్గర్లో ఉన్న అరటిచెట్టు పీకి కరకర నమిలింది.

కొండలరాయుడు దిగ్గున లేచాడు. "అమ్మగారూ! అది... అది అలంకారం!"

"ఇక్కడున్నదంతా నాదే అన్నావుగా?" ఆవిడ ఇంకో చెట్టు అందుకుంది.

"అంటే, మాటవరసకు... చాలమ్మగారూ, అరగదు!"

"అదేంటయ్యా, ఇందాక తినలేదని ఏడ్చావు, ఇప్పుడు తింటున్నానని ఏడుస్తున్నావు?"

ఇంకో చెట్టు. మరోటి. పట్టి ఉంచే చెట్లు పోయేసరికి గట్టు వదులై, తాటిటెంకలూ పేడా కుళ్లిన పనసతొనలూ భళ్లున దారి మీదకి జారాయి. అడ్డంగా నిలబడ్డ కొండలరాయుడు మెడదాకా అందులో మునిగాడు. బుల్లెబ్బాయి ఎగిరి కొమ్మెక్కి, ఆ నక్క ఎవరో తెలియనట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

మాణిక్యమ్మ మూతి తుడుచుకుంది. "ఇంత తొండం ఉన్నదానికి వాసన తెలియదనుకున్నావా రాయుడూ? ఊరి బయటే తెలిసింది. నువ్వే చెబుతావేమో అని చూశాను. భోజనం బాగుంది, ఊరే బాగాలేదు. మీది చివరి వంతు."

ఆవిడ వెళ్లిపోయింది. సూరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. దూడకు మళ్లీ బురదే.

కొండలరాయుడు చెత్తలోంచి తల బయటకు పెట్టి, చెవి మీద పనసతొన దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ దిగులుపడొద్దు. తప్పు మనది కాదు, చెట్లది. వచ్చే ఏడు ఏనుగులు తినని చెట్లు తెద్దాం!"

ఈసారి రెక్కలు కొట్టేవాడు కూడా లేడు. సూరమ్మ దగ్గరికొచ్చి, కొమ్ముతో ఒక పాత గంప ఆయన ముందుకు నెట్టింది.

"లే రాయుడూ. ముందు నీ పెరట్లో ఎముకలతో మొదలుపెట్టు. గొయ్యి మేం తవ్వుతున్నాం. మోసేది నువ్వే."

"నేనా? ఊరి పెద్దని!"

"అందుకే, అందరికంటే పెద్ద గంప నీకిచ్చాం," అంది సూరమ్మ. మేకలన్నీ ఆయన చుట్టూ కొమ్ములు దించి నిలబడ్డాయి.

కొండలరాయుడు గంప ఎత్తుకున్నాడు.

నీతి: చెత్తను దాచడానికి పడే తిప్పలు చెత్తను ఎత్తడానికి పడితే, ఏ ఊరికీ అలంకారం అక్కర్లేదు.