గంగులమ్మ గొట్టం

గుండెజబ్బు వైద్యంలో కొత్త ఉపాయం తెచ్చినవారికి వైద్య విద్యాలయంలో సన్మానమని రాజు ఊరంతా చాటింపు వేయించాడు. బుట్టలల్లే గంగులమ్మ గుండె చప్పుడు వినే వెదురుగొట్టం చేసింది.

"ఇచ్చి వెళ్ళు, పరీక్షిస్తాను" అన్నాడు ప్రధానాచార్యుడు త్ర్యంబకశాస్త్రి.

ఆయన చేతికిచ్చిన ఉపాయాలన్నీ ఆయన పేరుతోనే బయటికొస్తాయని గంగులమ్మకు అనుమానం. అసలుది ఒడిలో దాచుకుని, చూడ్డానికి అలాంటిదే మరొకటి ఇచ్చింది.

మర్నాడు సభలో శాస్త్రి దాన్ని రాజు ఛాతీకి ఆనించి చెవి పెట్టాడు. "నా ఉపాయం ఫలించింది ప్రభూ. తమ గుండె మృదంగంలా మోగుతోంది."

సభలో ఓ మూలనున్న గంగులమ్మ ముందుకొచ్చి ఆ గొట్టంలో పుల్ల దూర్చింది. అది సగంలోనే ఆగింది. "నడిమి కణుపు తొలవలేదు దొరా, లోపల మూసుకునే ఉంది. అయ్యగారికి ఏం వినబడిందో మరి."

అసలు గొట్టం తీసి శాస్త్రి ఛాతీకి ఆనించి, రెండో కొస రాజుకిచ్చింది.

రాజు విన్నాడు. "ఈ దడ మాత్రం బాగా వినబడుతోంది శాస్త్రీ" అన్నాడు.