చీమలు పట్టిచ్చిన దొంగ

అనగనగా ఒక ఊళ్ళో, చీమలకి కూడా దారి తెలిసిన ఇల్లొకటి ఉండేది. ఊఁ కొడుతుండాలి మరి. నువ్వు ఊఁ అనకపోతే నిద్రపోయావనుకుని సగంలో ఆపేస్తాను.

ఆ ఇల్లు జీళ్ళ గవరయ్యది. బెల్లం పాకం పట్టి, మేకుకి తగిలించి, లాగి లాగి తెల్లబరిచి, నువ్వులద్ది జీళ్ళు చేసేవాడు. కొడుకు వాటిని సంతల్లో అమ్ముకొచ్చేవాడు. పాకం చూడటంలో గవరయ్యంతటివాడు ఆ చుట్టుపక్కల లేడు. పాకం చుక్కని నీళ్ళలో వేసి, రెండు వేళ్ళతో ఉండ చేసి, వచ్చిందో లేదో ఇట్టే చెప్పేసేవాడు.

ఆ ఇంట్లో చేపా మాంసం గుడ్డూ మొదట్నుంచీ లేవు. పాలు మాత్రం ఉండేవి. ఒక ఏడాది వాళ్ళ ఆవుదూడ చచ్చిపోయింది. పాలన్నీ మనమే పిండుకుని దాని కడుపు మాడ్చామని గవరయ్య పెళ్ళాం నూకాలు కుమిలి కుమిలి ఏడ్చింది. ఇక ఈ ఇంట్లో పాలొద్దు, పెరుగొద్దు, నెయ్యొద్దు అంది. గవరయ్య కూడా సరేనన్నాడు. ఆ తర్వాత పుట్టిన దూడలు పాలన్నీ తాగి బొద్దుగా పెరిగాయి.

అప్పుడు గవరయ్యకి షుగరు జబ్బొచ్చింది. కాలి బొటనవేలికి పుండు పడింది. అది ఎంతకీ మానదు. పట్నంలో డాక్టరమ్మ చూసి మందులు రాసింది.

"పాలు తాగకపోయినా ఫరవాలేదు, దాని బదులు వేరే బిళ్ళ ఇస్తాను. పప్పులూ కూరలూ తినండి, అన్నం తగ్గించండి, తీపి మాత్రం నోట పెట్టకండి. షుగరు దిగకపోతే ఆ వేలు తీసెయ్యాల్సొస్తుంది" అంది.

వేలు తీసేస్తారనేసరికి గవరయ్య హడలిపోయాడు. ఆ రోజు నుంచి జీడి ముక్క ముట్టలేదు. నూకాలు అతనికి చోడి రొట్టె, అంటే రాగి రొట్టే, ఉలవచారు, ఆనపకాయ పప్పు, నువ్వుల పొడి వేసిన చిక్కుడుకాయ కూర, ఇవే పెట్టేది. కొలిచినట్టు పెట్టేది. మళ్ళీ పట్నం వెళ్ళి చూపించుకుంటే షుగరు కాస్తైనా దిగలేదు.

"తీపేమైనా తింటున్నారా?" అని డాక్టరమ్మ అనుమానంగా చూసింది.

గవరయ్య ఒట్టు పెట్టాడు. తను తినడం లేదు. మరి ఒంట్లోకి తీపి ఎలా వస్తోంది? ఎవరో పెడుతున్నారు! ఆ అనుమానం లోపలికి దూరిందో లేదో, మనిషి మనిషి కాకుండా పోయాడు. గిన్నె మూత తీసి వాసన చూస్తాడు. గోడ చాటున నిలబడి వింటాడు.

మొదట కోడలు పైడమ్మ మీద పడ్డాడు.

"పులుసులో ఏటి కలిపావు?"

"చింతపండు మావయ్యా."

గవరయ్య నమ్మలేదు. పులుసు ఆకులో పోసి చీమల బారు పక్కన పెట్టి, ముక్కాలిపీట వేసుకు కూర్చున్నాడు. చీమలు వాసన చూసి పక్కనించి పోయాయి. పైడమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పిండిమర తాతబ్బాయి మీద పడ్డాడు. చోళ్ళలో ఏదో కల్తీ చేస్తున్నాడని, మర దగ్గర కాపలా నిలబడి పిండి ఆడించుకున్నాడు. కల్తీ లేదు. తాతబ్బాయికి ఒళ్ళు మండింది.

"నా పిండికేటీ నేదు. పాలూ పెరుగూ నేని తిండి ఒక తిండేటి? ముందు నీ పెళ్ళాన్ని అడుగు" అన్నాడు.

ఆ మాట గవరయ్య చెవిలో జోరీగలా తిరిగింది. జీళ్ళు చేస్తూ ఒకటే తలపోశాడు. ఆఖరి వాయి దించి నేరుగా నూకాలు దగ్గరికి వెళ్ళాడు.

"ఇదంతా నీవల్లే! దూడకోసం నన్ను సంపేత్తావేటే? రేపట్నించి నాకు పాలు కావాలి!"

నూకాలు అటకమీది పాలచెంబు దింపి, తోమి, అతని ముందు పెట్టింది. "నా సేత్తో మాత్రం పితకను" అంది. నాకైతే ఇక్కడికొచ్చేసరికి గవరయ్య చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

గవరయ్య చెయ్యైనా కడుక్కోకుండా అరుగు మీద అటు తిరిగి పడుకున్నాడు. కోపంలోనే కునుకు పట్టింది. కాసేపటికి చురుక్కుమంది. లేచి చూస్తే కుడిచెయ్యంతా చీమలు! చెయ్యంతా కూడా కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ. ఎడమచేతి మీద ఒక్కటి లేదు.

గవరయ్య ఆ రెండు వేళ్ళకేసి చూస్తూ పొద్దున్నుంచీ చేసిందంతా గుర్తు తెచ్చుకున్నాడు. పాకం చుక్క నీళ్ళలో వేశాడు. ఉండ చేశాడు. ఆ తర్వాత? నోట్లో వేసుకుని, టక్కుమంటుందా లేదా అని కొరికి, మింగి, వేళ్ళు నాకేశాడు. ప్రతి వాయికీ అంతే. చిన్నప్పట్నుంచీ అంతే!

అప్పుడు చెయ్యి చాపుకుని నూకాలు దగ్గరికి వెళ్ళాడు.

"తిననేదే నూకాలూ. పాకం సూశానంతే" అన్నాడు నీరసంగా.

"కళ్ళతో సూశావా మావా, నోటితో సూశావా?"

నూకాలుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పాలచెంబు మళ్ళీ అటకెక్కించింది. పెరట్లోకి వెళ్ళి గుప్పెడు వేపాకు దూసుకొచ్చి నూరింది. పిల్లల చేత పాలు మాన్పించడానికి తల్లులు రాసుకుంటారే, అలాగే ఆ రెండు వేళ్ళకీ మెత్తింది.

మర్నాడు పాకం చూసే పని పైడమ్మ అందుకుంది. ఉండని పళ్ళెం మీద వేసి, టంగుమంటే సరే అనేది. గవరయ్య చెయ్యి మాత్రం ఊరుకుంటుందా? గరిటె అంచు తాకి నోట్లోకి వెళ్ళింది. మొహం ముడుచుకుపోయింది! పైడమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వనీ పాపం, ఎంత ఏడిచిందో.

ఆ తర్వాత మందులూ పథ్యమూ పనిచేశాయి. షుగరు మెల్లగా దిగింది. పుండు మానింది. వేలు వేలుగానే ఉంది. గవరయ్య తాతబ్బాయికి జీళ్ళ పొట్లం పట్టుకెళ్ళాడు. అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. పడుకునే ముందు తన కుడిచెయ్యి వాసన చూసుకుని, నువ్వేనా అని గద్దించేవాడు.

ఏదీ, ఊఁ అనడం మానేశావేం? నోట్లో ఏముంది? బొటనవేలా! తియ్యి బయటికి. మన పెరట్లోనూ వేపచెట్టుంది, తెలుసుగా.

చీమ పోయె పుట్టకి,
చేదు పోయె నోటికి,
కథ పోయె కంచికి,
మనం మన ఇంటికి.