ఢిల్లీ బజారులో రాజు వేషం

మల్లవరం సంస్థానాన్ని ఏలే జగ్గభూపతికి ఒకరోజు పొద్దున్నే తల దువ్వించుకుంటుండగా ఢిల్లీ చూడాలని బుద్ధి పుట్టింది.

"అందరిలాగా చూడాలి. బజార్లో తిరుగుతూ, వేడివేడి జిలేబీ తింటూ చూడాలి!" అన్నాడు.

మంత్రి వెంగళామాత్యుడు గొంతు సవరించుకున్నాడు. ఆయనకు తన తెలివి మీద ఎంత నమ్మకమో, తన గొంతు మీద అంతకు రెట్టింపు.

"ప్రభూ, సామంతరాజెవరైనా ఢిల్లీలో అడుగుపెడితే ముందు పాదుషా దర్బారుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయనకు తీరిక దొరికేదాకా కదలకూడదు. పోయినేడు వెళ్ళిన మన పొరుగురాజు ఇంకా నిలబడే ఉన్నాడట!"

రాజు మొహం వాడిపోయింది. పక్కనే తమలపాకులు చుడుతున్న ఎల్లమందకు అది చూసి జాలేసింది. ఎల్లమంద రాజుగారి అడపం మోసేవాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ ఆ తాంబూలపు పెట్టె వాళ్ళ చేతుల్లోనే ఉంది.

"రాజుగా వెళితేనే కదా ప్రభూ ఆ బాధ! బెల్లం వర్తకుల్లా వెళదాం. తమరిని ఎవరూ గుర్తుపట్టకుండా చూసే పూచీ నాది."

మంత్రికి ఒళ్ళు మండింది. "ఆకులు చుట్టేవాడివి, నీ పూచీ ఏమిట్రా? ఈయన రాజని ఢిల్లీలో ఒక్కడు పోల్చుకున్నా సరే, ఆ అడపం వదిలేసి నా గొడ్లచావిట్లో పేడ ఎత్తాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నట్టే!" అని రాజే చప్పట్లు కొట్టేశాడు. ఇక ఎల్లమంద ఏం చేస్తాడు? తలూపాడు.

అలా ముగ్గురూ ముతక పంచెలు కట్టి, బెల్లం బుట్టలతో ఢిల్లీ చేరారు. గోల్కొండ నవాబులతో ఏళ్ళ తరబడి వ్యవహారం నడిపినవాళ్ళు కనుక ముగ్గురికీ తురకభాష బాగానే వచ్చు.

ఊరు చూడగానే రాజు చిన్నపిల్లాడైపోయాడు. చిలకలమ్మేవాడి దగ్గర ఆగి చిలకతో పోట్లాడాడు. షర్బత్తు తాగి మీసాలకు పూసుకున్నాడు. పాదుషా ఏనుగు వస్తుంటే జనంతో పాటు గోడకు అతుక్కుని, కాలు తొక్కించుకుని మురిసిపోయాడు.

"ఒరే ఎల్లమందా, నన్నిక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదురా! ఎంత హాయిగా ఉందో!"

"నెమ్మది బావా, నెమ్మది," అన్నాడు ఎల్లమంద. బావా అని పిలిపించుకున్నప్పుడల్లా రాజుకు చక్కిలిగింత పెట్టినట్టుండేది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఒక్క చిక్కు వచ్చిపడింది. రాజుగారికి వెనక్కి చూసి కూర్చోవడం తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన కూర్చోబోతే ఎవరో ఒకరు పీట జరిపేవారు. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా, నడుస్తూ నడుస్తూ, అలిసినచోట టక్కున కూర్చునేవాడు. ఎల్లమంద పరుగెత్తి బెల్లం బుట్ట కిందికి తోసేవాడు. పొద్దుటినుంచీ ఇదే పరుగు.

మంత్రి ఇది కనిపెట్టాడు. జిలేబీ కొట్టు ముందు రాజు మోకాళ్ళు వంచడం చూడగానే ఎల్లమంద భుజం పట్టుకుని, "అదిగో, ఆ మసీదు గుమ్మటం ఎంత ఎత్తుందో చూశావా!" అని అటు తిప్పేశాడు.

దబ్బుమన్న చప్పుడు.

రాజు నడివీధిలో వెల్లకిలా పడి ఉన్నాడు. పడ్డవాడు పడ్డట్టుండక సింహంలా గర్జించాడు. "ఎవర్రా అక్కడ! పీట వేయాల్సినవాణ్ణి పట్టుకొచ్చి కొరడాలతో బాదండి!"

బజారంతా మూగింది. జనాన్ని తోసుకుంటూ కొత్వాలు వచ్చాడు.

"ఎవడితను? రాజులా హుకుములిస్తున్నాడు! రాజే అయితే ముందు దర్బారుకు నడవమనండి."

ఎల్లమందకు కళ్ళ ముందు గొడ్లచావిడి కనబడింది. పక్కన మంత్రి మీసం దువ్వుకుంటున్నాడు. ఆ మీసం చూడగానే ఎల్లమందకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"నాటకాలవాడు హుజూర్! ఏళ్ళ తరబడి రాజు వేషం కట్టీ కట్టీ, విప్పేసినా దిగడం లేదు."

జనం ఘొల్లుమన్నారు. కొత్వాలు మాత్రం నవ్వలేదు. "అలాగా? అయితే ఏదీ, ఇక్కడ ఆడి చూపించమను."

రాజుకు ఉత్సాహం వచ్చేసింది. లేచి, దుమ్ము దులుపుకుని, రోజూ తన కొలువులో నిలబడేటట్టే నిలబడ్డాడు. రోజూ చెయ్యి ఊపేటట్టే ఊపాడు.

"అబ్బే, ఏం బాగాలేదు," అన్నాడు జిలేబీలవాడు. "రాజులెక్కడైనా అలా నిలబడతారా? పొట్ట లోపలికి లాగవయ్యా!"

"కళ లేదు, కళ లేదు!" అన్నారు జనం. కొత్వాలు కూడా పెదవి విరిచి వెళ్ళిపోబోయాడు.

చేతికందిన పందెం జారిపోతుంటే మంత్రి నిలవలేకపోయాడు. ఎగిరి మధ్యలో దూకాడు.

"ఆగండి! అబద్ధం! ఈయన నిజంగా రాజే! మల్లవరం ప్రభువు జగ్గభూపతి! నేను ఆయన మంత్రిని, వెంగళామాత్యుణ్ణి! నమ్మండి!" అని కంచుగొంతుతో అరిచి, రాజు కాళ్ళ మీద పడి, "ప్రభూ, చెప్పండి ప్రభూ!" అని బొటబొటా కన్నీళ్ళు కార్చాడు.

అందరూ ఎల్లమంద వైపు చూశారు. ఎల్లమంద నిట్టూర్చాడు.

"మా మంత్రి వేషం ఈయనే హుజూర్. ఈయనకు మరీ ముదిరింది."

బజారు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు! కొత్వాలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "శభాష్! ఆటంటే ఇదీ! ఆ గొంతేమిటి, ఆ ఏడుపేమిటి! ఒరే, వీళ్ళ రాజును మార్చి ఈ మంత్రిని మాత్రం ఉంచుకోమనండి!"

జిలేబీలవాడు ఆకు నిండా జిలేబీలు పోసి మంత్రి చేతిలో పెట్టాడు. రాజుకు ఒక్కటి, అదీ విరిగినది, జాలిపడి ఇచ్చాడు.

రాజు ఆ ముక్క నోట్లో వేసుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. "మంత్రీ, నీ నోటితో నువ్వే చాటించినా ఇంత పెద్ద ఊళ్ళో ఒక్కడూ నమ్మలేదయ్యా! పందెం వీడిదే!" అంటూ రొంటిన దాచుకున్న కెంపుల ఉంగరం తీసి, అందరూ చూస్తుండగా ఎల్లమంద వేలికి తొడిగాడు.

జిలేబీలవాడు వంగి ఆ ఉంగరాన్ని పరీక్షగా చూశాడు.

"ఆట రాకపోతేనేం, నగలు మాత్రం అచ్చం నిజంవాటిలాగే చేయించుకున్నారయ్యా!"