పాట బోర్డూ, బియ్యం బండీ

"ఉస్తాద్! మళ్ళీ పోయింది ఉస్తాద్!"

ఆ కేక వీధి ఈ చివర రొట్టెల కొట్టు దగ్గరున్న నాకు వినబడిందంటే ఇక చూసుకోండి, ఎంత గట్టిగా అరిచాడో! పొద్దున ఎనిమిది గంటలు. దర్గా ఉర్సు పండగ రోజు. వీధంతా రంగు కాగితాలు, మైకులు, పిల్లల గోల. అంత గోలనూ చీల్చుకుని వచ్చింది మౌలాలి గొంతు. టీ గ్లాసు చేతిలో ఉండగానే పరుగెత్తాను.

ఫక్రుద్దీన్ ఉస్తాద్ రేడియో రిపేరు షాపు ముందు అప్పటికే జనం మూగారు. మధ్యలో బల్ల మీద బోర్డు. బారెడు పొడవు గాజు పలక అది. లోపల నల్లటి అక్షరాలు వచ్చి పోతాయి, మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా చక్కగా కనబడతాయి. ఎక్కడో బస్టాండులో తీసి పడేసిన పలకను తెచ్చి, వెనకాల సర్క్యూట్ మొత్తం సొంతంగా కట్టాడు మౌలాలి. ఉస్తాద్ దగ్గర తొమ్మిదేళ్ళ శిష్యుడు మరి! ఆ పలక ఇప్పుడు కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క అక్షరం లేదు.

అసలా బోర్డు ఎందుకో చెప్పాలి. మౌలాలి అక్క షంషాద్‌కు చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. చదువు మాత్రం బాగా చదువుకుంది. ఏటా గుట్టమీది దర్గాలో ఖవ్వాలీకి వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంది. నవ్వుల పాట వస్తే జనం నవ్వుతారు. వాళ్ళ మొహాలు చూసి తనూ నవ్వుతుంది. పోయినేడు తమ్ముడికి సైగలతో చెప్పిందట, "నేనెప్పుడూ అందరూ నవ్వాకే నవ్వుతాను" అని. వీడికి గుండెలో ముల్లు దిగినట్టయింది. "వచ్చే ఉర్సుకు పాట నీ కళ్ళకు కనబడుతుంది ఆపా" అని మాటిచ్చేశాడు.

మాట ఇచ్చాడు సరే, బోర్డు చెప్పినట్టు వినాలి కదా! సర్క్యూట్‌లో కరెంటు ఎక్కువ తక్కువ చేసే చిన్న స్క్రూ ఒకటుంది. కుడికి తిప్పితే పాట లైను టక్కున మారుతుంది, కానీ గంటకల్లా బ్యాటరీ ఖాళీ. ఎడమకు తిప్పితే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది, కానీ అక్షరాలు నీలుగుతూ మారతాయి. పాత లైను నీడ పోకముందే కొత్త లైను దాని నెత్తినెక్కి కూర్చుంటుంది. ఏదీ చదవలేం. మధ్యలో పెడితే రెండు కష్టాలూ సగం సగం! పాటేమో మూడు గంటలు. గుట్ట మీద కరెంటు లేదు. పరీక్షకు పెట్టిన పాత బ్యాటరీ ఇప్పుడే చేతులెత్తేసింది. పాట కోసం దాచిన బ్యాటరీ ఒక్కటే మిగిలింది.

"ఇంకో బ్యాటరీ ఇప్పించండి ఉస్తాద్," అన్నాడు మౌలాలి.

"ఉర్సు రోజు బ్యాటరీనా?" నవ్వాడు తోపుడుబండి సుంకన్న. "ఊళ్ళో ఉండేవన్నీ మైకుసెట్లోళ్ళు ఎత్తుకుపోయినారు. నా స్కూటర్‌ది ఇస్తా, తీసుకో. హారన్‌కే చాలదది!"

జనం గొల్లుమన్నారు. మౌలాలి నవ్వలేదు.

"పది దినాలైంది ఉస్తాద్. ఈ స్క్రూ ఎక్కడ పెట్టాల్నో ఒక్క మాట చెప్పండి. మీకు తెలుసు. తెలిసీ చెప్పడం లేదు."

ఉస్తాద్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. బోర్డు వైపు చూడనే లేదు. వీధిలో నిలబెట్టిన సుంకన్న బండిని చూశాడు. దాని మీద మధ్యాహ్నం విందుకు ఆరు మూటల బియ్యం ఉంది.

"బేటా, ఆ బండిని వంటల షామియానా దగ్గరికి తొయ్యి."

"ఇప్పుడా?"

"అన్నం ఉడకాలి కదా."

మౌలాలి మొహం చూడాల్సింది! అయినా ఉస్తాద్ మాట. విసవిసా వెళ్ళి బండి పట్టుకున్నాడు. అది కదలనంది. భుజం ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి తోశాడు. కిర్రుమంటూ కదిలింది. కదిలాక కూడా వీడు తగ్గలేదు. అదే కోపం, అదే బలం. పది అడుగులకే చొక్కా తడిసింది.

ఉస్తాద్ పక్కనే నడుస్తున్నాడు. నడుస్తూ నడుస్తూ మౌలాలి ఎడమ చెయ్యి పట్టుకుని బండి మీంచి తీసేశాడు.

బండి పోతూనే ఉంది.

కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. రెండు వేళ్ళు మిగిల్చాడు.

బండి పోతూనే ఉంది!

మసీదు మలుపు దగ్గర నెమ్మదించింది. ఉస్తాద్ వాడి రెండు చేతులూ తెచ్చి మళ్ళీ బండికి ఆనించాడు. ఒక్క తోపు. మలుపు తిరిగింది. మళ్ళీ చేతులు తీసేశాడు.

మౌలాలి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. బండి వాణ్ని వదిలేసి తన దారిన పోతోంది. "నా బియ్యం! నా బియ్యం రా!" అని సుంకన్న దాని వెంటబడ్డాడు. మౌలాలి ఇవేవీ చూడలేదు. వెనక్కి తిరిగి షాపులోకి ఒకటే పరుగు.

వెళ్ళి మొట్టమొదట ఏం చేశాడో తెలుసా? ఆ స్క్రూనే పీకి పారేశాడు! దాని చోట ఒక ట్రాన్సిస్టర్, గోరంత కెపాసిటర్, ఇంకేవో రెండు ముక్కలు పెట్టి గబగబా అతికించాడు. పొగ, వేడి సీసం వాసన, మేమంతా మెడలు సాచి చూడటం. దాచిన బ్యాటరీ తగిలించాడు. మీట నొక్కాడు. లైను టక్కున మారింది, నీడ లేదు! పక్కనున్న కరెంటు మీటరు ముల్లు ఎగిరి, వెంటనే అడుక్కు పడుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎగిరింది, పడుకుంది.

అప్పుడే రొప్పుతూ వచ్చిన సుంకన్న, "మీటరు చెడిపోయిందప్పా!" అన్నాడు.

"లేదన్నా, బాగుంది. లైను మారేటప్పుడే గట్టి తోపు, తర్వాత రెండు వేళ్ళు చాలు," అన్నాడు మౌలాలి. పది దినాల్లో వాడి పళ్ళు కనబడటం అదే మొదలు.

పదిగంటలకు గుట్ట మీద పాట మొదలైంది. పాటలన్నీ ముందే బోర్డులోకి ఎక్కించాడు. గాయకుడి నోటితోపాటు మీట నొక్కడమే వాడి పని. గంట దాటింది. రెండు దాటాయి. బోర్డు రెప్ప వాల్చలేదు. అప్పుడొచ్చింది నవ్వుల పాట. అందులో దేవుడు తన బందాతో, అంటే భక్తుడితో, అంటాడు:

"వాన ఇమ్మని ఏడ్చావు, ఇచ్చాను. గొడుగు తడిసిందని ఏడుస్తావు! నిన్నెట్లా ఓదార్చేదిరా బందా?"

నేను గాయకుణ్ని చూడలేదు. షంషాద్‌ను చూస్తున్నాను. అందరితోపాటు ఫక్కున నవ్వింది! ఎవరి మొహమూ చూడకుండా, బోర్డునే చూస్తూ! పక్కన కూర్చున్నామె తొడ మీద చరిచి మరీ నవ్వింది.

మౌలాలి వేలు మీట మీదే ఉండిపోయింది. పాట ముందుకు పోయింది, బోర్డు గొడుగు దగ్గరే ఉంది. షంషాద్ లేచొచ్చి వాడి నెత్తిన ఒక్కటిచ్చి, తర్వాతి లైను ఏదని సైగ చేసింది. మేమంతా దానికీ నవ్వాం!

ఒంటిగంటకు పాట అయిపోయింది. బ్యాటరీ ఇంకా ఉంది. చాపలు పరిచారు, నలుగురికో పళ్ళెం పెట్టారు. ఉస్తాద్, షంషాద్, నేను ఒక పళ్ళెం చుట్టూ చేరాం. వైర్లు చుట్టి పెట్టి మౌలాలి వచ్చాడు కానీ కూర్చోలేదు. ఉస్తాద్ ముందు నిలబడ్డాడు.

"మొదటి దినమే చెప్పుంటే ఈ పది దినాల తిప్పలు తప్పేవి కదా ఉస్తాద్?"

"మొదటి దినం నీకింత ఆకలి లేదు బేటా," అన్నాడు ఉస్తాద్. "కూర్చో."

షంషాద్ వాడి చొక్కా పట్టుకుని కిందికి లాగింది. సుంకన్న ఐదోవాడిగా "జరగండప్పా, జరగండి" అంటూ ఇరుక్కున్నాడు. అన్నంలోంచి ఆవిరి లేస్తోంది. ఐదుగురం పళ్ళెంలో చెయ్యి పెట్టాం.