తెలివిగల్లు వాళ్ళు బట్టమేక పిట్టని కాపాడిన వైనం

తెలివిగల్లు సంస్థానంలో రాజుగారింటి వాళ్ళకి తమ తెలివి మీద ఎంత గురి అంటే, నిద్రలో అది కారిపోతుందేమోనని చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాళ్ళు. రాజు చెంగల్రాయుడు. మంత్రి ఆయన బావమరిది బుక్కప్ప. ఆ ఇంటికి పొరుగు సీమ నుంచి కోడలిగా వచ్చింది ఓబుళమ్మ. పాపం, ఆ పిల్లకి దూది అలవాటు లేదు.

ఒకనాడు ఆమె ఏకంగా సభకే వచ్చింది.

"మామయ్యా, ఊరవతల గడ్డిబీడులో బట్టమేక పిట్ట గుడ్డు పొదుగుతోంది. మా పుట్టింటి వైపు బీళ్ళన్నీ దున్నేశారు, ఆ జాతే లేకుండా పోయింది. ఇక్కడైనా మీరే కాపాడాలి."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "బుక్కప్పా! బట్ట, మేక, పిట్ట... మూడింట్లో ముందు దేన్ని కాపాడదాం?"

"వరసలో పోదాం బావా. ముందు బట్ట, తర్వాత మేక."

అంతే. ఊళ్ళో మేకలన్నిటికీ పంచెలు కట్టి బీడులోకి తోలారు. మేకలు ఒకదాని పంచె ఒకటి తినేశాయి. అవయ్యాక గడ్డి మీద పడ్డాయి. "చూశావా బావా, ఎలా బలుస్తున్నాయో! కాపాడ్డమంటే ఇదీ!" అని బుక్కప్ప మీసం దువ్వాడు.

ఓబుళమ్మ తల పట్టుకుంది. "కోడలికి తల బరువెక్కినట్టుంది, వెళ్ళి మీరూ ఓ చెయ్యి వేసి పట్టుకోండిరా" అని రాజుగారు భటుల్ని పంపాడు.

"మేక కాదు మామయ్యా, అది పక్షి! నేలమీదే గుడ్డు పెడుతుంది. గడ్డి లేకపోతే దానికి మరుగే లేదు. ఆ బీడుని కంటికి రెప్పలా కాపాడండి."

"రెప్ప ఏం చేస్తుంది బుక్కప్పా?"

"మూసుకుంటుంది, తెరుచుకుంటుంది బావా."

ఇంకేముంది! కోటలో గుడారాలన్నీ విప్పి ఒకే దుప్పటిగా కుట్టించారు. కొసలు పట్టుకుని బీడు మీద మూయడం, తెరవడం, మళ్ళీ మూయడం. ఆకాశమంత దుమ్ము లేచింది. "అయ్యో, కంట్లో నలుసు పడింది, కడగండి!" అన్నాడు రాజు. కుండలకొద్దీ నీళ్ళు గుమ్మరించారు. పిట్ట నిలువునా తడిసి వణికింది గానీ, గుడ్డు మీంచి లేవలేదు.

ఓబుళమ్మకి ఏడుపొచ్చింది. "మీకు పుణ్యముంటుంది. ఆ బీడులో ఎవరూ అడుగు పెట్టకూడదని చాటింపు వేయించండి, చాలు."

చాటింపు వేశారు. ఎక్కడో కాదు, బీడు నడిమధ్యనే. అడుగు పెట్టకూడదు కదా, అందుకని డప్పుల వాళ్ళు దొర్లుకుంటూ పోయారు. కాపలావాళ్ళు కూడా వాళ్ళ వెనకే దొర్లారు. మిగిలిన గడ్డి కాస్తా చాప పరిచినట్టయింది. పిట్ట రెక్కలు విప్పి మీదికి రాబట్టి ముందువాడు పక్కకి దొర్లాడు, గుడ్డు దక్కింది.

ఈసారి ఓబుళమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మన కోసం కాకపోతే పోనీ, పుట్టబోయే పిల్లల కోసమైనా ఆ నేలని భద్రంగా దాచిపెట్టండి!"

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ!" అన్నాడు చెంగల్రాయుడు. "దాచడం మన ఇంటి విద్యే కదమ్మా!"

అంతే. పలుగులు, పారలు దిగాయి. బీడుని పెళ్ళలు పెళ్ళలుగా తవ్వి, బండ్లకెత్తి, కోటలో కొట్టు గదికి చేర్చడం మొదలెట్టారు. గూడు దాకా వచ్చేసరికి పిల్ల అప్పుడే గుడ్డులోంచి బయటపడింది. తల్లి ముందు, తడబడుతూ పిల్ల వెనక, ఎండిన ఏరు దాటి అవతలి గడ్డిలోకి పోయాయి. ఏరు దాటితే చెంగల్రాయుడి ఏలుబడి కాదు. అది చూసింది ఓబుళమ్మ ఒక్కతే.

"ఏదమ్మా నీ పిట్ట?" అన్నాడు రాజు.

చెబితే దాన్ని అక్కడ కూడా కాపాడతాడని ఆమెకి భయమేసింది. "ఏమో మామయ్యా, నాకు కనబళ్ళేదు" అంది.

"వస్తుందిలే. వచ్చినప్పుడు దాని గడ్డి దానికిద్దాం. బుక్కప్పా, కొట్టుకి తాళం పడిందా?"

"నొక్కి మరీ వేశాను బావా."

"మరి పిట్ట వస్తే తలుపు ఎలా తీసుకుంటుంది?"

"ఆ మాత్రం ఆలోచించనా? తాళంచెవి దాని కళ్ళకే పడాలని, గూడున్న గడ్డిపెళ్ళలోనే దూర్చి పెట్టాను."

"ఆ పెళ్ళ ఎక్కడుంది?"

"కొట్టులోనే బావా, అన్నిటికన్నా అడుగున."

రాజుగారు ఆనందం పట్టలేక బావమరిదిని కావలించుకున్నాడు. "శభాష్! ఇక దొంగ వెధవ తలుపు తీసినా, తాళంచెవి మాత్రం వాడికి దొరకదు!"